అప్పన్న నామమందలి 'అప్ప'



సింహగిరి నీడలో నివసించు మనకు 'అప్పన్న' అను నామము ఊపిరివలె అలవాటయినది. అలవాటయినదానిని గూర్చి మనుజుడు సాధారణముగా విచారింపడు. శ్రీ వరాహలక్ష్మీనరసింహస్వామివారి అవతార విశేషములను, చందన మహిమను మీరు పెద్దలవలన అనేక పర్యాయములు వినియున్నారు. కావున నేడు మేము ఆ కథలోనికి నేరుగా పోవుట లేదు. స్వామివారి వాడుక నామములోని మొదటి రెండక్షరములను మాత్రమే చేతబట్టి, 'అప్ప' అనగా నేమి, ఆ మాట ఏయే భాషలలో ఏయే అర్థములను దాల్చినది అని విచారింపదలచితిమి.

ఇంత చిన్న మాటకు ఒక పూట ప్రసంగమా అని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు. కాని ఈ విచారణకు ఒక కారణము కలదు.

మన రేవు 1933వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన తెరువబడినది. నాడు లోనికి వచ్చిన మొదటి ఓడ పేరు 'జలదుర్గ'. ఆ దినములనుండి రేవులో సరకు దింపిన కళాసీల హాజరు పట్టీలలో అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలస్వామి, అప్పారావు, అప్పన్న అను పేర్లకు లెక్కలేదు. ఒకే గ్యాంగులో నలుగురు అప్పలరాజులున్నచో ఇంటిపేరుతోనో, ఊరిపేరుతోనో పిలుచుకొనెడివారు. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగి, 1992లో అది జాతికి అంకితమగువరకును అక్కడ పునాదులు త్రవ్విన చేతులలో ఎన్ని చేతులు ఈ పేరు గలవారివో! నేడు వారి మనుమల పేర్లలో ఈ మాట అరుదయినది. చలనచిత్రములలో నౌకరు పాత్రకు ఈ పేరు పెట్టి నవ్వించుట ఒక వాడుకయైనది. కొంతకాలము క్రిందట ఉద్యోగములో చేరిన యువకుడొకడు మా యొద్దకు వచ్చి, "గురువుగారూ, ఈ పేరు మార్చుకొందామనుకొనుచున్నాను. అసలు ఆ మాటకు అర్థమేమైనను ఉన్నదా, లేక వట్టి పల్లెటూరి పిలుపా?" అని అడిగెను. అతడు తరువాత పేరు మార్చుకొనెనో లేదో మేము విచారింపలేదు. అది అతని ఇష్టము. కాని అతడడిగిన ప్రశ్న మంచి ప్రశ్న. దానికి సరియైన సమాధానము చెప్పుట మా వంటివారి విధి.

మొదట మన ఇండ్లలోనే వెదకుదము. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములలో 'అప్ప' అనగా అక్క. "మా అప్ప వచ్చింది" అన్నచో అక్క వచ్చినదని అర్థము. 'అప్పచెల్లెండ్రు' అను సమాసము తెలుగునాట అందరెరిగినదే. ఇక్కడనే చిక్కు పుట్టుచున్నది. అప్ప అనగా అక్క, అన్న అనగా అన్న. అట్లయిన కొండమీది స్వామి అక్కయా, అన్నయా? చిన్నపిల్లలు ఈ ప్రశ్న అడుగుట మేము వినియున్నాము. పెద్దలు "తప్పు" అని కసరి ఊరకుందురు. కసరుట సమాధానము కాదు గదా!

పశ్చిమమునకు నడచి కన్నడ దేశము చేరినచో అప్ప అనగా తండ్రి. పురుషుల పేర్ల చివర గౌరవార్థముగ కూడ ఆ మాటను చేర్చుదురు. మన తిరుమల వేంకటేశ్వరుని వారు 'తిమ్మప్ప' అని పిలుచుకొందురు. దక్షిణమున తమిళమునను తండ్రియే: అప్పన్ అని, పిలుచునప్పుడు అప్పా అని. మలయాళమున తండ్రికి అచ్ఛన్ అను మాట విశేషముగా వాడుకలో నున్నను, అప్పన్ అనునదియు కలదు. ఇంతవరకు సుగమము. కాని మంగళూరు ప్రాంతమున తుళు భాష మాటాడువారి ఇంటికి వెళ్లినచో, అక్కడ 'అప్పె' అనగా తల్లి! కన్నడ తండ్రి, తుళు తల్లి, మన ఉత్తరాంధ్ర అక్క. ముగ్గురికి మాట ఒక్కటే. మన తెలుగు నిఘంటువులును ఈ మాటకు తండ్రి, తల్లి, అక్క అను అర్థములను చూపుచున్నవి. 1961లో బరో, ఎమెనో అను పండితులిరువురు ప్రకటించిన ద్రావిడ భాషా నిఘంటువునందు ఈ రూపములను ఒక్క చోటనే చేర్చిరి. అనగా ఇవి వేరువేరు మాటలు కావు. ఒక్క మాటయే భాషభాషకు చేయి మారినది.

ఇది ఎట్లు పొసగును? తండ్రికిని తల్లికిని అక్కకును ఒకే మాట యేల? దీనికి సమాధానము కొంచెము ఆగి చెప్పుదుము. ఈలోపల అరవదేశమునకు ఒకమారు పోయి రావలసి యున్నది. ఏలయన, ఈ మాటను భగవంతునికి, భాగవతులకు అక్కడివారు ముడివేసిన విధము మనకు ఉపకరించును.

ఏడవ శతాబ్దమున తిరునావుక్కరసర్ అను శివభక్తుడుండెను. వయసు మీరిన వాడు. జ్ఞానసంబంధర్ అను బాలభక్తుడు ఆయనను చూచి "అప్పా" అని పిలిచెను. ఆ బాలుని తండ్రి వేరు, ఈ వృద్ధునకు సంసారమే లేదు. అయినను ఆ పిలుపు నిలిచిపోయినది. నేటికిని లోకము ఆయనను 'అప్పర్' అనియే ఎరుగును. తల్లిదండ్రులు పెట్టిన పేరు మరుగునపడి, ఒక పిల్లవాడు పిలిచిన పిలుపు పేరై కూర్చున్నది.

కుంభకోణము దగ్గర తిరువిణ్ణగరమున వెలసిన విష్ణుమూర్తి కథ ఇంకను చిత్రమైనది. నమ్మాళ్వారులు ఆ స్వామిని సాటిలేని తండ్రియని కీర్తించిరి. దానినిబట్టి 'ఒప్పిలి అప్పన్' అను నామము వచ్చినది. ఒప్పు లేనివాడు, అనగా పోలిక లేనివాడు. కాలక్రమమున జనుల నోట 'ఒప్పిలి' కాస్త 'ఉప్పిలి' అయినది. ఉప్పిలి అనగా ఉప్పు లేనివాడు! దానికి తగిన కథయు కలదు. మార్కండేయ మహర్షి కుమార్తెయై భూదేవి పెరిగినది. స్వామి ఆమెను వివాహమాడుటకు కోరగా, మహర్షి "మా బిడ్డ పసిది, వంటలో ఉప్పు వేయుటకూడ ఎరుగదు" అనెను. "ఉప్పు లేని వంటయే నేను భుజింతును" అని స్వామి మాట యిచ్చెను. నేటికిని అక్కడ నివేదనములో ఉప్పు వేయరు. మాట చరిత్రను చూచువాడు 'ఒప్పిలి' ముందు, 'ఉప్పిలి' వెనుక అనును. అది నిజము. కాని ఆ ఉప్పులేని ప్రసాదమును కన్నుల కద్దుకొని తినిన భక్తుడు అబద్ధమును తినుచున్నాడా? కాదు. బిడ్డకు వంట రాదని బాధపడిన తండ్రి మనస్సు ఆ ప్రసాదములో ఉన్నది. మాట యొక్క చరిత్ర వేరు, మాటను పట్టుకొని మనుష్యులు నడచిన దారి వేరు. రెండింటిని కలగలుపరాదు, ఒకదానికై రెండవదానిని త్రోసివేయరాదు.

కేరళమున గురువాయూరు స్వామిని బాలకృష్ణునిగా ముద్దాడి కొలుతురు. పేరు మాత్రము గురువాయూరప్పన్. పసివాడిని పట్టుకొని తండ్రి యనుట ఏమి? మనమును చేయుచున్న పనియే! ఒడిలోని బిడ్డను "మా నాయనే, మా తండ్రే" అని బుజ్జగింపమా? ఆడపిల్లను "అమ్మా, ఇటురా తల్లీ" అని పిలువమా? పెద్దవానిని పిలుచు మాటయే పసివానికిని చెల్లును. ఇక శబరిగిరీశుని నామమున అయ్య, అప్ప రెండును కలవు. హరిహరులకు చెరియొకటి అని భక్తులు సమన్వయించుకొందురు. ప్రతి యేటను మాల ధరించి మన పట్టణమునుండి బయలుదేరు వేలాది స్వాములు ఆ రెండు మాటలను నడుమ విరామము లేక పలుకుచునే యుందురు.

మరల మన రేవునకు వచ్చెదము. రేవు ముఖద్వారమునొద్ద మూడు కొండలు ప్రక్కప్రక్కన ఉన్నవి గదా. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయము, ఒకదానిపై దర్గా, ఒకదానిపై మేరీమాత చర్చి. ఓడలో వచ్చువారికి ఆ మూడును ఒక్కసారి కనుపించును. ఈ మూడు కొండలకును మన చిన్న మాటతో చుట్టరికమున్నట్లు తోచును. వేంకటేశ్వరుడు కన్నడిగులకు తిమ్మప్ప అని చెప్పితిమి. దర్గాకు వచ్చు ఉర్దూ సోదరుల ఇండ్లలో అక్కను 'ఆపా' అందురు. మన 'అప్ప'కు ఎంత దగ్గర! క్రైస్తవుల సువార్తలో ఏసు ప్రభువు భగవంతుని పిలిచిన పిలుపు 'అబ్బా' అని అరామిక్ భాషలో అట్లే నిలిపిరి. తండ్రీ అని అర్థము. అరబ్బీలో అబ్, యూదుల భాషలో ఆవ్. ఇప్పటి ఇరాకు దేశమున నాలుగువేల యేండ్లకు పూర్వము మట్టి పలకలమీద వ్రాసిన అక్కాదు భాషలో అబు. క్రైస్తవ మఠాధిపతిని ఆంగ్లములో 'ఆబట్' అనుట ఈ అబ్బానుండి వచ్చినదే. మన తెలుగులోను అబ్బ అనగా తండ్రి, రాయలసీమలో తాత. 'అబ్బాయి'లో ఉన్నది ఆ అబ్బయే. దెబ్బ తగిలినప్పుడు "అబ్బా" అని నోట వచ్చునది అదియే. (కోపము వచ్చినప్పుడు ఎదుటివాని అబ్బను తలచు దురలవాటును గూర్చి ఇక్కడ చెప్పము.) ఉత్కళులు తండ్రిని బాపా అందురు. మహారాష్ట్రులు గణపతిని బప్పా అని పిలుతురు. దూరమున కొరియా దేశపు బాలుడు తండ్రిని 'అప్పా' అనియే పిలుచును. హంగేరీ దేశమున 'అపా' తండ్రి.

ఇది వినగానే కొందరికి ఉత్సాహము కలుగును. "చూచితిరా, ప్రపంచమంతయు మన మాటయే! అన్ని భాషలు మననుండియే పుట్టినవి" అని వేదికలమీద చెప్పువారున్నారు. ఆ మాట మేము చెప్పజాలము. దర్గా కొండ 'ఆపా' తురుష్క భాషలనుండి ఉర్దూలోనికి వచ్చినది. మన 'అప్ప' ద్రావిడ భాషలది. చర్చి కొండ 'అబ్బా' మరియొక కుటుంబపు మాట. కొరియా వారి మాట మరియొకటి. పోలిక ఉన్నంతమాత్రమున పుట్టుక ఒక్కటి కాదు. జార్జియా దేశమున తండ్రిని ఏమందురో తెలియునా? 'మామా' అందురు! తల్లిని 'దేదా' అందురు. పోలికలను మాత్రమే నమ్ముకొన్నచో ఆ తండ్రిని మనము మేనమామను చేయవలసి వచ్చును.

పుట్టుక ఒక్కటి కానప్పుడు ఈ పోలిక ఎక్కడిది? రష్యాలో జన్మించి అమెరికాలో స్థిరపడిన రోమన్ యాకొబ్సన్ అను భాషాశాస్త్రవేత్త 1960లో ప్రకటించిన వ్యాసమున దీనికి సమాధానము చెప్పెను. పాలు త్రాగు శిశువు పెదవులు మూసియున్నప్పుడు ముక్కునుండి వెడలునది 'మ'కారము. మూసిన పెదవులు విడివడి నోరు తెరచుకొన్నప్పుడు వెడలునవి 'ప'కార, 'బ'కారములు, వాని వెంట 'అ'కారము. పండ్లు రాకముందే, నాలుక తిరుగకముందే సాధ్యమైన ధ్వనులివి. ఏ దేశపు శిశువునకైనను పెదవులు రెండే. కావున అమ్మ, అప్ప, అబ్బ, బాబా, పాపా అను ధ్వనులు అన్ని దేశములలోను శిశువుల నోట పుట్టుచునే యున్నవి.

ఇక్కడ ఒక సూక్ష్మమున్నది. దయచేసి శ్రద్ధగా వినుడు. శిశువు తొలుత "అప్ప" అన్నప్పుడు ఎవరిని పిలుచుచున్నది? ఎవరినీ కాదు. దానికి ఆ ధ్వని ఒక ఆట. అర్థము శిశువు నోటిలో లేదు. మరి అర్థము ఎక్కడనుండి వచ్చినది? విన్నవారినుండి వచ్చినది. ఆ ధ్వని విని "నన్నే పిలిచినది" అని పరుగెత్తుకొని వచ్చి ఎత్తుకొన్నది ఎవరో, ఆ మాట వారిదైనది. కన్నడసీమలో తండ్రి వచ్చెను, అతడు అప్ప అయ్యెను. తుళునాట తల్లి వచ్చెను, ఆమె అప్పె అయ్యెను. మరి మన ప్రాంతమున? తల్లియు తండ్రియు తెల్లవారక మునుపే పొలమునకో, కూలికో వెళ్లిన ఇంటిలో, పసిదానిని చంకనెత్తుకొని తిరిగినది ఎనిమిదేండ్ల అక్క. పిలుపు ఆమెకు అందినది. భాషాశాస్త్రజ్ఞులు ఈ చివరి మాటను ఒప్పుకొందురో లేదో గాని, మా మనస్సునకు ఇది సమ్మతముగా నున్నది. ముందు అడిగిన ప్రశ్నకు మా సమాధానమిదియే: అప్ప అనునది స్త్రీకిగాని పురుషునకుగాని పెట్టిన పేరు కాదు. పిలిచినప్పుడు వచ్చి ఎత్తుకొనువారి పేరు.

ఇప్పుడు మన కొండపైకి ఎక్కుదము. క్షేత్రమాహాత్మ్యమున ఏమి చెప్పబడినది? హిరణ్యకశిపుడు కన్నకొడుకును సముద్రములో త్రోయించి, పైన ఈ పర్వతమును మోపించెను. స్వామి ఉరుకున దిగివచ్చి కొండను ప్రక్కకు ఒరిగించి బాలుని లేవనెత్తెను. లోకమున తండ్రి అనబడువాడు కొండను మోపెను. తండ్రి కానివాడు వచ్చి కొండను తొలగించెను. ఆ బాలునకు 'అప్ప' ఎవరు? సింహాద్రినాథుని 'అప్పన్న' అని మొదట పిలిచినవారు ఈ లెక్క వేసి పిలిచిరని మేము చెప్పము. వారు శాస్త్రము చదివినవారు కాకపోవచ్చును. కాని పేరు సరిగా అతికినది. దేవాలయములో చోళ కులోత్తుంగుని కాలమునాటి, అనగా 1098-99 ప్రాంతపు శాసనము కలదు. 1516లోను తరువాతను కృష్ణదేవరాయలు వచ్చి సేవించుకొనెను. రాజులు శాసనములలో గంభీరమైన సంస్కృత నామములు చెక్కించిరి. పొలములోను పడవలోను ఉన్నవారు మాత్రము రెండక్షరములకు ఒక 'అన్న' చేర్చి ఊరకుండిరి. అన్న అనగా తోడబుట్టినవాడు మాత్రమే కాదు. తిక్కన్న, ఎఱ్ఱన్న అన్నట్లు గౌరవార్థకము కూడ. కనుక అప్పన్న అనగా 'తండ్రిగారు' అని చెప్పుకొనవచ్చును. అక్క, అన్న అని చిక్కుపడిన పిల్లలకు ఈ మాట చెప్పుడు. ఇక 'అప్పల' అనునది, మా అభిప్రాయమున, గౌరవ బహువచనమైన అప్పలు అను మాటకు షష్ఠీరూపము. అప్పల రాజు, అప్పల నాయుడు. ఆ తండ్రిగారి రాజు, ఆ తండ్రిగారి నాయుడు.

కొందరు ఉపన్యాసకులు అప్పన్నను సంస్కృతమునకు ముడివేయుదురు. 'అప్పులు' అనగా జలములు. వరాహమూర్తి జలములనుండి భూమిని ఉద్ధరించెను గనుక అప్పన్న అందురు. శ్లేషగా వినుటకు ఇంపైనది. వ్యుత్పత్తిగా చెప్పినచో నిలువదు. మరికొందరు అప్పులు తీర్చువాడు అప్పన్న అందురు. నెలాఖరున ఆ మాటకు భక్తులు ఎక్కువ! పిల్లలు తిను అప్పము మాత్రము వేరు. దానిని పండితులు సంస్కృతపు 'అపూప' శబ్దమునకు చేర్చుదురు. ఏడాదిలో ఒక్క అక్షయతృతీయనాడు స్వామి చందనమును ఒలిచి నిజరూప దర్శన మిత్తురు. తక్కిన దినములలో పూతయే దర్శనము. మాటలమీద పడిన ఇట్టి పూతలను మేము నిందింపము. అయితే ఏడాదికొకమారైనను ఒలిచి చూడవలెను.

పల్లెటూరి పేరు అని సిగ్గుపడువారికి ఒక్కటి చెప్పవలసి యున్నది. 1656 ప్రాంతమున తెలుగు ఛందోవ్యాకరణములను విస్తరించి వ్రాసిన కాకునూరి కవి పేరు అప్పకవి. గ్రంథము పేరు అప్పకవీయము. పండితులు దానితో వాదింతురు గాని దాని పేరు చూచి నవ్వరు. అద్వైత శాస్త్రమున, అలంకారశాస్త్రమున దిగ్గజమైన దీక్షితులు అప్పయ్య. మన సర్వసిద్ధి రాయవరమున 1862లో జన్మించి, కన్యాశుల్కము వ్రాసిన గురజాడవారి పూర్తి పేరు వేంకట అప్పారావు. తెలుగు నాటకమునకు ఆ పేరు అడ్డు రాలేదు గదా! ఆఫీసులో దరఖాస్తునకు మాత్రము అడ్డు వచ్చునా?

ఆషాఢ పూర్ణిమ ముందటి దినమున ముప్పది కిలోమీటర్లకు పైబడిన గిరిప్రదక్షిణమున నడచువారిలో తెలుగువారితోపాటు ఒడియావారు, తమిళులు, మలయాళులు, కన్నడిగులు, ఉక్కునగరమున స్థిరపడిన ఉత్తరాదివారు కూడ ఉందురు. అప్పన్నా అని కేక వేసినప్పుడు ఎవరి భాషలో వారికి అది అర్థమగుచునే యుండును. తమిళునకు అనువాదము అక్కరలేదు, మంగళూరు అమ్మకు అసలే అక్కరలేదు.

చివరగా ఆడువారి పేర్ల మాట. మన ప్రాంతమున వృద్ధురాండ్రలో 'అప్పయ్యమ్మ' అను పేరు ఇంకను వినబడుచున్నది. విడదీసి చూడుడు: అప్ప, అయ్య, అమ్మ. ఆ పేరు పెట్టిన తల్లిదండ్రులు ఏ నిఘంటువును చూడలేదు. ఆడపిల్ల పుట్టగానే, తమకు తెలిసిన పెద్ద మాటలు మూడింటిని వరుసగా ఆమెకే పెట్టివేసిరి.